టయోగా ఘాట్‌లో మెత్తబడ్డ బ్రేకు

కాలిఫోర్నియా కొండదారి, 1976 నాటి మోటార్‌హోమ్, విజయవాడ ఆటోనగర్‌లో జీవితమంతా గడిపిన ఒక మెకానిక్... ఒక యథార్థ గాథ

“గేరు మీద దించండి అల్లుడుగారూ! బ్రేకు తొక్కిపెట్టి ఉంచొద్దు!”

పక్క సీట్లోంచి మామగారి గొంతు గట్టిగా లేచింది. అంతవరకూ ఆయన పెదవి విప్పలేదు. టయోగా కనుమ దాటి, ఎలరీ సరస్సు వెనకబడి, రోడ్డు లోయలోకి దిగడం మొదలైనప్పటి నుంచీ ఆయన చూపు కొండల మీద లేదు. అల్లుడి కుడికాలి మీదే ఉంది. ఆ కాలు పెడల్ మీద నుంచి లేవడం లేదు.

“తొక్కుతూనే ఉన్నాను మామయ్యగారూ... కిందికి పోతోంది. పట్టడం లేదు.”

వెనక సోఫాలో పదేళ్ళ కొడుకుతో కూర్చున్న పెద్దాయన కూతురికి ఆ మాట వినపడింది. ముందు పిల్లాడి బెల్టు బిగించింది. తర్వాత తండ్రి ముఖం చూసింది.

“పంపు కొట్టండి. వదిలి తొక్కండి, మళ్ళీ వదిలి తొక్కండి. గేరు కిందికి లాగండి. ఇంకా కిందికి. ‘లో’లో వెయ్యండి!”

అల్లుడు లివరు లాగాడు. ఏడున్నర లీటర్ల ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది. అల్మారాల్లో గిన్నెలు దొర్లిన చప్పుడు. ఎడమ పక్క కొండ గోడ. కుడి పక్క, అంటే దిగే బండ్ల వైపు, లోతైన లీ వైనింగ్ లోయ. నాలుగైదు సార్లు పంపు కొట్టాక పెడల్ కింద కొంచెం పట్టు దొరికింది. వేగం తగ్గింది. మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన విశాలమైన జాగా కనిపించింది. బండి కంకర మీదకి దిగి, పార్కింగ్ బ్రేకు బలంతో ఆగింది.

పెద్దాయన ముందుగా కిందికి దిగారు. రెండు పెద్ద రాళ్ళు వెతికి తెచ్చి చక్రాల ముందు పెట్టారు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన గుప్పుమంటోంది.

అరగంట గడిచాక అల్లుడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూశాడు. “చల్లారింది మామయ్యగారూ. పెడల్ తిరిగొచ్చింది. మెల్లగా దిగిపోదామా?”

“వేడికి పోయిన బ్రేకు చల్లారితే వస్తుంది. మళ్ళీ వేడెక్కితే మళ్ళీ పోతుంది. ఏమనుకోకండి, పిల్లలున్న బండి ఇక్కణ్ణుంచి తన చక్రాల మీద కదలకూడదు.”

ఆ మాటే నిలబడింది. ఫోను సిగ్నల్ లేదు. అటుగా దిగుతున్న ఒక కారాయనకి కబురు చెప్పి పంపారు. సాయంత్రానికి టో ట్రక్కు వచ్చింది.

టయోగా కనుమ ఎత్తు దాదాపు 10 వేల అడుగులు, అంటే 3,031 మీటర్లు. యోసెమిటీ జాతీయ వనానికి అది తూర్పు ద్వారం. అక్కడి నుంచి లీ వైనింగ్ ఊరు చేరేలోపు, 20 కిలోమీటర్లు కూడా లేని దారిలో, రోడ్డు 3 వేల అడుగులకు పైగా కిందికి దిగుతుంది. మంచి బ్రేకులున్న బండికి అది అందమైన ప్రయాణం. ఆ కుటుంబం ఎక్కిన బండికి మంచి బ్రేకులు లేవు. ఆ సంగతి అల్లుడికి చాలాకాలంగా తెలుసు. అసలు ప్రమాదం అదే.

పాత బండి కదా!

అది జీఎంసీ మోటార్‌హోమ్. జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 దాకా మిచిగన్‌లోని పాంటియాక్‌లో తయారు చేసిన బండి. మొత్తం 13 వేలకు దగ్గరగా వచ్చాయి. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు ఇంజన్ని, గేరుబాక్సుని తెచ్చి ముందు భాగంలో పెట్టారు. ముందు చక్రాలే బండిని లాగుతాయి. వెనక్కి పోయే షాఫ్టు లేకపోవడంతో ఇంటి నేల రోడ్డుకి 14 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. వెనక ఒక్కో పక్కన రెండేసి చక్రాలు ఒకదాని వెనక ఒకటి. మొత్తం ఆరు చక్రాలు. ముందు రెండింటికి డిస్కు బ్రేకులు, వెనక నాలుగింటికి డ్రమ్ములు. 26 అడుగుల పొడవు, సామాన్లతో 5 టన్నులు దాటే బరువు. యాభై ఏళ్ళ వయసొచ్చినా అమెరికాలో దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఈ అల్లుడు వాళ్ళలో ఒకడు.

కొన్న రోజు నుంచీ ఆ బ్రేకు అంతే. పెడల్ సగానికి పైగా లోపలికి వెళ్తేగాని పట్టేది కాదు. పట్టినా కాలి కింద మెత్తగా ఉండేది. పెడల్ తొక్కితే ఆయిల్ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందేమోనని అల్లుడు కొత్తది తెప్పించి వేశాడు. బ్రేకు లైన్లలోంచి గాలి తీశాడు. తేడా రాలేదు. వాక్యూమ్ బూస్టర్ మార్చాడు. తేడా రాలేదు. మళ్ళీ గాలి తీశాడు. డబ్బులూ శనివారాలూ కరిగిపోయాక అతను కూడా అందరూ అనే మాటకే వచ్చి ఆగాడు: పాత బండి కదా!

ఆ మూడు మాటలే నలుగురు మనుషుల్ని లోయ అంచు దాకా తీసుకెళ్ళాయి.

బండి ఇల్లు చేరిన మర్నాడు పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, అల్లుడి దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆటోనగర్‌లో సొంత షెడ్డు. అంబాసిడర్లు, జీపులు, వ్యాన్లు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. అయినా అల్లుడి వస్తువు మీద చెయ్యి వేయడానికి ఆయనకి మొహమాటం.

“ఈ బండి 1976లో కంపెనీలోంచి బయటికొచ్చిన రోజున పెడల్ గట్టిగానే ఉండుంటుంది కదా అల్లుడుగారూ. మెత్తటి బ్రేకుతో ఎవరూ బండి అమ్మరు. అంటే మధ్యలో ఏదో మారింది. ఆ మారిందేదో చూద్దాం. అప్పటిదాకా కొత్త సామాను కొనొద్దు.”

పెడల్‌ని అడగడం

“తల్లీ, నువ్వెక్కి కూర్చో,” అన్నారు కూతురితో.

ఆమె నవ్వుతూ డ్రైవరు సీట్లో కూర్చుంది. వేసవి సెలవుల్లో షెడ్డులో పెడల్ తొక్కిపెట్టే పని తనదే. ఇన్నేళ్ళ తర్వాత ఆ పని మళ్ళీ దొరికింది.

ముందు ఇంజన్ ఆపి ఉండగానే పెడల్ నాలుగైదు సార్లు తొక్కించారు. బూస్టర్‌లో నిలవున్న వాక్యూమ్ ఖాళీ అయ్యింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బూస్టర్ కూడా కాలితోపాటు తొక్కుతుంది. అప్పుడు పెడల్ కిందికి జారినట్టు అనిపించినా అది బ్రేకు తప్పో, బూస్టర్ బలమో తేల్చుకోలేం. ఖాళీ చేశాక కాలికి తగిలేదంతా బ్రేకు లైన్ల సంగతే.

“ఇప్పుడు గట్టిగా ఒత్తి అలాగే పట్టుకో. జారుతోందా?”

ఒక నిమిషం గడిచింది. “లేదు నాన్నా. ఉన్నచోటే ఉంది.”

మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగితే ఆయిల్ వాటిని దాటి వెనక్కి జారుకుంటుంది. ఎక్కడైనా కారుతుంటే బయటికి పోతుంది. రెండింట్లో ఏది జరిగినా, ఒత్తి పట్టుకున్న పెడల్ నెమ్మదిగా దిగుతుంది. ఇది దిగలేదు.

“మాస్టర్ సిలిండర్ బాగుంది. కారడం కూడా లేదు,” అన్నారు. మార్చి పక్కన పడేసిన పాత సిలిండర్ కూడా బహుశా బాగానే ఉండిందన్న మాట ఆయన అనలేదు. అల్లుడికి అర్థమైంది.

“ఇప్పుడు గబగబా పంపు కొట్టు.”

ఒక్కో తొక్కుడుకీ పెడల్ పైకి వచ్చింది. డ్రమ్ముకీ, దాన్ని లోపలి నుంచి ఒత్తే షూలకీ మధ్య దూరం పెరిగినప్పుడు జరిగేదిది. మొదటి తొక్కుడులో వెళ్ళిన ఆయిలంతా షూలని డ్రమ్ము దాకా జరపడానికే సరిపోతుంది. అవి వెనక్కి పోయేలోపు రెండోసారి తొక్కితే, ఆ ఆయిల్ బలంగా మారుతుంది.

“పైకొచ్చాక ఎలా ఉంది? గట్టిగా ఆగిందా, ఇంకా లోపలికి పోతోందా?”

“పైకొచ్చింది గానీ మెత్తగానే ఉంది. ఒత్తితే పోతోంది, వదిలితే తంతోంది.”

పెద్దాయన అల్లుడి వైపు తిరిగారు. “ఇక్కడ రెండు జబ్బులున్నాయి. పెడల్ కిందికి పోవడం ఒకటి, మెత్తగా ఉండడం ఒకటి. మీరు రెండిటినీ ఒకటే అనుకుని మందు వేస్తున్నారు. మొదటిది వెనక డ్రమ్ముల్లో ఉండొచ్చు. రెండోది గాలి. లేదా ఉబ్బుతున్న రబ్బరు పైపు.”

చివరగా పెడల్ మీద కాలు ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయించారు. పెడల్ తనంతట తాను కొంచెం కిందికి దిగి ఆగింది. బూస్టర్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. పానా ముట్టుకోకుండానే మాస్టర్ సిలిండర్, బూస్టర్ రెండూ అనుమానంలోంచి బయటపడ్డాయి. అల్లుడు డబ్బు పెట్టింది సరిగ్గా ఆ రెండింటి మీదే.

గాలి ఎక్కడుంది?

మెత్తదనం ముందుందా, వెనకుందా? అది తేల్చడానికి ఆయన నున్నటి దవడలున్న హోసు క్లాంపులు అడిగారు. పదునైన పళ్ళున్న పటకారు వాడితే రబ్బరు లోపల చిట్లుతుంది. ముందు చక్రాలకి వెళ్ళే రెండు రబ్బరు పైపుల్నీ క్లాంపులతో బిగించి, పెడల్ తొక్కించారు.

“నాన్నా, గట్టిపడింది!” అంది కూతురు. కిందికి దిగాకే పట్టుకుంటోంది కానీ, పట్టాక కదలడం లేదు.

ఎడమ క్లాంపు వదిలారు. మెత్తదనం తిరిగొచ్చింది. దాన్ని బిగించి కుడిది వదిలారు. అప్పుడూ అంతే. పెద్దాయన కాసేపు అలాగే కూర్చుండిపోయారు.

“రెండు పక్కలా ఒకే తీరున చెడింది. కాలం అట్లా చెయ్యదు, ఒక పక్క ముందు, ఒక పక్క వెనక చేస్తుంది. ఇక్కడ ఎవరిదో చెయ్యి పడింది.”

జాకీ వేసి, స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రం విప్పారు. మనవడు టార్చిలైటు పట్టుకున్నాడు.

“నాన్నా, గాలి తీసే నిపుల్ ఎక్కడుందో చూడు.”

“కింద ఉంది తాతయ్యా.”

“నీళ్ళల్లో గాలి ఉంటే ఎక్కడికి పోతుంది?”

“పైకి.”

మాట పూర్తయ్యేసరికి అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. డిస్కుని ప్యాడ్లతో పట్టే కాలిపర్ గదిలో గాలి పైభాగంలో చేరుతుంది. అందుకే నిపుల్ ఎప్పుడూ పైన ఉండాలి. ఎడమ చక్రపు కాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగిస్తే నిపుల్ అడుక్కి పోతుంది. బోల్టులు సరిపోతాయి, ప్యాడ్లు సరిపోతాయి, పైపులు సరిపోతాయి, బ్రేకు కొంత పడుతుంది కూడా. తప్పు జరిగినట్టు పైకి కనిపించదు. పాత యజమాని ఇచ్చిన కాగితాల్లో, ముందు బ్రేకులు ఒక వర్క్‌షాపులో విప్పి బిగించిన బిల్లు దొరికింది.

గాలి తీసిన ప్రతిసారీ అల్లుడికి బుడగలు లేని ధార కనిపించింది. బుడగలు రాలేదు కాబట్టి గాలి లేదని నమ్మాడు. అడుగునుంచి ఆయిలే వచ్చింది. పైన చిక్కిన గాలి అక్కడే ఉండిపోయింది.

ఆయిల్ మరిగిన వేళ

మెత్తదనానికి కారణం దొరికింది. కానీ టయోగాలో జరిగింది మెత్తదనం ఒక్కటే కాదు. పెడల్ అడుగుకి తగిలింది. దానికి కారణం మరొకటి. నిపుల్ విప్పి సీసాలోకి పట్టిన ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. కొత్త బ్రేకు ఆయిల్ లేత పసుపు రంగులో, అవతలి వస్తువు కనిపించేంత తేటగా ఉంటుంది.

సాధారణంగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రబ్బరు పైపుల గుండా కూడా తేమ కొద్దికొద్దిగా చేరుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది అమెరికా ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. 5 టన్నుల బండిని గేరుతో కాక బ్రేకుతో కొండ దింపితే, డిస్కుల వేడి ప్యాడ్లలోంచి, పిస్టన్లలోంచి ఆయిల్ దాకా చేరుతుంది. ఆయిల్లోని నీరు ఆవిరవుతుంది. ద్రవం నొక్కితే నలగదు. బ్రేకు వ్యవస్థ మొత్తం ఆ ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది. ఆవిరి మాత్రం నలుగుతుంది. కాలి బలమంతా ఆవిరిని నలపడానికే ఖర్చవుతుంది, చక్రానికి చేరదు. అందుకే చల్లారాక పెడల్ తిరిగొచ్చింది. అందుకే ఆయన బండిని కదలనివ్వలేదు.

మరి వెనక బ్రేకులు ఎందుకు ఆదుకోలేదు? ఈ బండి మాస్టర్ సిలిండర్లో రెండు గదులున్నాయి. ఒకటి ముందు చక్రాలకి, ఒకటి వెనక చక్రాలకి. ఒకటి చెడినా రెండోది బండిని ఆపాలనే ఆ ఏర్పాటు. కానీ వెనక షూలు డ్రమ్ములకి దూరంగా ఉండిపోయాయి. ముందు ఆవిరిని నలపడానికి సగం దూరం, వెనక షూలని జరపడానికి మిగిలిన దూరం పోయాయి. ప్రాణం కాపాడాల్సిన రెండో గదికి పెడల్లో చోటే మిగల్లేదు. ఏ ఒక్క లోపమూ ఒంటరిగా ఆ బండిని లోయ అంచుకి తేలేదు. మూడూ కలిసి తెచ్చాయి.

హైడ్రాలిక్ బ్రేకు పుట్టిన నాటి నుంచీ పోరాటం ఇదే. మాల్కమ్ లాక్‌హీడ్ పద్ధతిలో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులున్న డ్యూసెన్‌బర్గ్ కారు 1921లో వచ్చింది. తోలు సీళ్ళు ఆయిల్ని ఆపలేక కారేవి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు కప్పులు పెట్టి, 1924లో తమ కారుతో ఈ బ్రేకుని మామూలు కొనుగోలుదారు దాకా తెచ్చారు. ఆయిల్ బయటికి పోకూడదు, గాలీ నీరూ లోపలికి రాకూడదు. వందేళ్ళ నుంచీ బ్రేకు మెకానిక్ కాపలా కాసేది ఈ రెండు గుమ్మాలనే.

పట్టుకో... వదులు

సామాను కొనడానికి ఇప్పుడు పెద్దాయనే జాబితా చెప్పారు. ముందు, వెనక రబ్బరు పైపులన్నీ కొత్తవి. ఏళ్ళు నిండిన రబ్బరు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బుతుంది, లేదా లోపలి పొర ఊడి దారి మూసేస్తుంది. సీలు తెరవని డబ్బాల్లో డాట్ 3 ఆయిల్. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం వద్దు, అది దీనితో కలవదు. వెనక డ్రమ్ములకి కొత్త అడ్జస్టర్ సామాను.

కాలిపర్లు వాటి వాటి పక్కలకి మారాయి. నిపుల్స్ పైకి వచ్చాయి. వెనక నాలుగు డ్రమ్ములూ విప్పితే, షూలని డ్రమ్ముకి దగ్గరగా జరపాల్సిన పళ్ళ చక్రాలు తుప్పుతో బిగుసుకుని ఉన్నాయి. ఈ రకం డ్రమ్ముల్లో బండిని వెనక్కి నడుపుతూ బ్రేకు వేసినప్పుడే ఆ పళ్ళ చక్రం తనంతట తాను తిరిగి అరుగుదలని సర్దుకుంటుంది. ఏడాదిలో ఎక్కువకాలం కదలకుండా నిలబడే మోటార్‌హోమ్‌కి ఆ అవకాశమే తక్కువ. పైగా తుప్పు. ఆయన వాటిని మార్చి, ఒక్కో డ్రమ్ము చేత్తో తిప్పితే షూ సన్నగా రాసుకునేదాకా బిగించి, తిరగడం తేలికయ్యేదాకా కాస్త వెనక్కి తిప్పారు.

ఇక గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టారు. నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం, దాని రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో.

“కొట్టు... కొట్టు... పట్టుకో!” నిపుల్ వదులు చేశారు. డికాక్షన్ రంగు ఆయిల్ బుడగలతో వచ్చింది. నిపుల్ బిగించారు. “వదులు!”

“వదిలాను!” కూతురు జవాబు చెప్పకుండా ఆయన ముందుకు కదల్లేదు. నిపుల్ తెరిచి ఉండగా కాలు వదిలితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. పైన ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా చూసే పని అల్లుడిది. అది అడుగంటితే చేసిందంతా మళ్ళీ మొదలు. ఆరు చక్రాల నుంచీ తేటగా లేత పసుపు రంగు ఆయిల్ వచ్చేదాకా తండ్రీ కూతుళ్ళ పిలుపూ జవాబూ ఆ వాకిట్లో సాగాయి.

చివరికి ఆమె పెడల్ మీద కాలు పెట్టి ఆగిపోయింది. “నాన్నా... రాయిలా ఉంది. పైనే పట్టేసింది.”

అల్లుడు సంబరంగా తాళాలు తీశాడు. పెద్దాయన ఆపారు. “నిలబడ్డ బండిలో పెడల్ గట్టిగా ఉంటే సగం పనే అయినట్టు. ఒక రాత్రి ఇలాగే ఉంచండి. రేపు పొద్దున కూడా ఇంతే ఉంటే, ఆయిల్ మట్టం తగ్గకపోతే, అప్పుడు తీద్దాం.”

పొద్దున కూడా అంతే ఉంది. ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో మనిషి నడకంత వేగంతో, తర్వాత కొంచెం వేగంతో బ్రేకు వేసి చూశారు. బండి ఏ పక్కకీ లాగలేదు. ఆగిన ప్రతిసారీ ఆరు చక్రాల వేడినీ పరారుణ థర్మామీటరుతో కొలిచారు. ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడెక్కితే అక్కడ షూ రాసుకుంటున్నట్టు. వెనక ఒక డ్రమ్ము అలా దొరికింది. ఒకటి రెండు పళ్ళు వెనక్కి తిప్పారు. ఆ తర్వాతే 680 హైవే మీద సునోల్ దిగుడుకి తీసుకెళ్ళారు. వాలు మొదలవకముందే గేరు తగ్గించి, వేగం పెరిగినప్పుడల్లా గట్టిగా కొద్దిసేపు బ్రేకు వేసి పూర్తిగా వదలడం అల్లుడు అక్కడ నేర్చుకున్నాడు. కింద ఆగి మళ్ళీ తొక్కి చూశాడు. పెడల్ ఉన్న ఎత్తులోనే ఉంది.

రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి. ప్రయాణానికి ముందు, ఇంజన్ ఆపి, ఆ మూడు పరీక్షలూ చెయ్యాలి: పట్టుకుంటే జారుతోందా, పంపు కొడితే పెరుగుతోందా, పైన గట్టిగా ఆగుతోందా. వాడకుండా పెట్టిన బండిని తీసిన రోజున కాసేపు వెనక్కి నడిపి బ్రేకు వెయ్యాలి. ఇండియాకి విమానం ఎక్కేముందు పెద్దాయన ఇవన్నీ మనవడి చేత రాయించి బండిలో అంటించారు.

ఈ కథ అమెరికాలో జరిగింది కాబట్టి మనకెందుకని అనుకోవడానికి లేదు. మన ఊళ్ళల్లో పాత జీపులు, పాత వ్యాన్లు, పెళ్ళివాళ్ళని ఎక్కించుకునే పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. “పంపు కొడితే పడుతుంది లెండి,” అని డ్రైవరు ధైర్యం చెప్పడం మనలో చాలామంది విన్నాం. శ్రీశైలం ఘాట్‌లోనైనా తిరుమల దిగుడులోనైనా ఆ మాట ధైర్యం కాదు, హెచ్చరిక. పంపు కొడితే పడే బ్రేకు, పంపు కొట్టే వ్యవధి లేని మలుపు దగ్గర పడదు. కారణం దొరికేదాకా ఆ బండి ఎక్కవద్దు, ఎక్కిన వాళ్ళని దించండి. కారణం ఎప్పుడూ ఉంటుంది. ఓపిగ్గా అడిగితే పెడల్ దాన్ని చెబుతుంది.